పేద రైతును ఆపేది చేతిలో డబ్బు లేకపోవడమా, తన మీద తనకు నమ్మకం లేకపోవడమా?

ఎర్రచెలక:
సంక్రాంతికి మా ఊరెళ్లి వచ్చాను, పాలమూరు వైపు. అప్పటి నుంచి ఒక విషయం మనసులోంచి పోవట్లేదు. ఇక్కడ వ్యవసాయం తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మా మేనమామకు రెండెకరాల పది గుంటలు ఉంది. బోరులో రెండించుల నీళ్లు వస్తాయి. మాకు డ్రిప్పు మీద 90 శాతం సబ్సిడీ ఉంది, మిగతా పది శాతం నేనే కడతాను, నువ్వు దరఖాస్తు మీద సంతకం పెట్టు చాలు మామా అన్నాను. పండగ మూడు రోజులూ వెంటపడ్డాను. ఆయనది ఒకటే మాట, "అవన్నీ మనతోని కావురా." పక్క చేనులో ఇదే నేల, ఇవే నీళ్లు, ఆ రైతు డ్రిప్పు వేసి టమాటా పెట్టాడు. మామ పొద్దున్నే గట్టు మీద నిలబడి ఆ చేను చూస్తాడు. కాసేపు చూసి, పార భుజాన వేసుకొని పోయి మళ్లీ కాలువ కట్టి నీళ్లు పారిస్తాడు.

డబ్బు అడ్డం కాదు, నీళ్లు అడ్డం కాదు, మరి ఏది అడ్డం? నాకు తోచింది ఏమిటంటే పేదరికం మనిషి చేతిని కట్టేయడం ఒక ఎత్తు, "నేను చేయగలను" అనే మాటనే నోట్లోంచి లాగేయడం ఇంకో ఎత్తు. ఇథియోపియాలో 2010లో ఒక ప్రయోగం చేశారు. దోబా అనే వెనకబడిన ప్రాంతంలో 64 ఊళ్లలో కొందరికి గంటసేపు చిన్న చిన్న చిత్రాలు చూపించారు. అందులో ఉన్నది వాళ్లలాంటి పేదవాళ్లే. వ్యవసాయంలోనో చిన్న వ్యాపారంలోనో నిలదొక్కుకున్నవాళ్లు తమ కథ తామే చెప్పుకున్నారు. ఇంకొందరికి మామూలు వినోద కార్యక్రమం చూపించారు. ఆరు నెలల తర్వాత వెళ్లి చూస్తే, కథలు చూసినవాళ్ల ఇళ్లలో పొదుపు పెరిగింది, పిల్లల్ని బడికి పంపడం పెరిగింది. వాళ్లకు పైసా ఇచ్చింది లేదు, ఎరువు బస్తా ఇచ్చింది లేదు. మరి దీన్ని ఏమనాలి?

గోదారిగట్టు:
నమ్మకం ఉంది అని చెబితే కొట్టువాడు ఎరువు అప్పిస్తాడా అన్నా?

మిరపతోట:
ఎర్రచెలక గారూ, మీరు ఇథియోపియా దాకా వెళ్లారు, మీ పాలమూరులోనే ఔరేపల్లి ఉంది కదా. పటాన్‌చెరు ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ వాళ్లు 1975 నుంచి ఆ ఊరి ఇళ్ల జమాఖర్చులు రాశారు. బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త అక్కడా మహారాష్ట్ర పల్లెల్లోనూ రైతుల చేత నిజం డబ్బుతో పందెం లాంటి ఆట ఆడించాడు, దాని ఫలితాలు 1980లో అచ్చయ్యాయి. ఆటలో పెద్ద పందేలు ఒక కూలి మనిషి నెల సంపాదన కంటే ఎక్కువ ఉండేవి, అంటే ఊరికే నోటిమాట జవాబులు కావు. తేలింది ఏమిటి? పందెం పెద్దదయ్యేకొద్దీ పేదవాడూ ఉన్నవాడూ ఇంచుమించు ఒకే తీరుగా ఆచితూచి ఆడారు. గుండెధైర్యంలో పెద్ద తేడా లేదు. మరి పొలంలో అంత తేడా ఎందుకు వస్తోంది అంటే, అప్పు పుట్టడంలో, మార్కెట్ అందడంలో, సలహా చెప్పే మనిషి ఇంటిదాకా రావడంలో తేడా ఉంది కాబట్టి అన్నాడాయన.

నలభై ఐదేళ్ల కిందటే తేలిపోయిన సంగతి ఇది. ఇంకా మనం పేదవాడి మనసులో ఏం లోపం ఉందా అని వెతుకుతున్నాం. అందుకే నాకు ఈ ప్రశ్న అడిగిన తీరే నచ్చలేదు.

సీమబావి:
నమ్మకం లేకపోవడం గురించి మాట్లాడుతున్నారు, నమ్మకం ఎక్కువైన ఇల్లు మాది. అనంతపురం జిల్లా. నాలుగెకరాల చేనులో మా నాన్న తొమ్మిదేళ్లలో ఏడు బోర్లు వేయించాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నడిచే ఆయన్ని పిలిపించేవాడు, కాయ లేచి నిలబడిన చోట సున్నంతో ముగ్గు వేసేవాడు. రిగ్గు బండి ఎప్పుడూ రాత్రిపూటే వచ్చేది. తెల్లటి దుమ్ము లేస్తుంటే మేమంతా చుట్టూ నిలబడి ఆ దుమ్ము రంగు మారుతుందా, తడి మట్టి పడుతుందా అని చూసేవాళ్లం. నాలుగు వందల అడుగులకు ఆపేద్దాం అని అమ్మ అంటే ఇంకో యాభై, ఇంకో యాభై అనేవాడు నాన్న. ఆఖరి బోరు 780 అడుగులు పోయింది. అమ్మ మెడలో పసుపుతాడు మాత్రం మిగిలింది.

మా నాన్నకు తన మీద తనకు నమ్మకం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఊళ్లో అంత నమ్మకం ఉన్న మనిషి ఇంకొకరు లేరు.

లెక్కమనిషి:
నాలుగెకరాల్లో ఏడు బోర్లు ఎలా సాధ్యం? భూగర్భ జలాలను కాపాడే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, పక్క బోరుకు దూరం చూడాలి.

సీమబావి:
అనుమతి అడిగి బోరు వేసినవాళ్లు మా చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారో చూసి రండి. రిగ్గు ఏజెంటే అంతా నేను చూసుకుంటా అనేవాడు.

లెక్కమనిషి:
అంటే చట్టం దాటి వేశారు. అలాంటప్పుడు దాన్ని నమ్మకం అనే లెక్కలో ఎలా వేస్తారు? నియమం పాటించి ఉంటే మూడో బోరు దగ్గరే ఆగేది, డబ్బు మిగిలేది.

సీమబావి:
నేను చెప్పింది ఏమిటి, మీరు పట్టుకున్నది ఏమిటి.

ఎర్రచెలక:
సీమబావి అన్నా, నాన్నగారి సంగతి చదివి బాధేసింది. కానీ అది నేను చెప్పే నమ్మకం కాదు. నీళ్లు పడటం భూమి చేతిలో ఉంది, మనిషి చేతిలో లేదు. నా చేతిలో ఉన్న పనిని నేను నేర్చుకొని చేయగలను అనుకోవడం వేరు, అదృష్టం ఈసారి తిరుగుతుంది అనుకోవడం వేరు. మొదటిది ఉన్న రైతు కొత్త విత్తనం కొంటే ముందు పది గుంటల్లో వేసి చూస్తాడు. చూసి, లెక్క రాసుకొని, మరుసటేడు పెంచుతాడు. రెండోది ఉన్నవాడు ఉన్నదంతా ఒక్కసారే పెడతాడు. ఈ రెండింటికీ మన భాషలో ధైర్యం అనే ఒక్క మాటే వాడటం వల్ల గందరగోళం వస్తోంది.

మిరపతోట గారూ, ఔరేపల్లి ఆట గురించి నాకూ తెలుసు. ఆ ఆటలో రైతు తన చేతి నుంచి డబ్బు పెట్టలేదు, వాళ్లిచ్చిన డబ్బుతో ఆడాడు. పైగా బొమ్మా బొరుసూ పడటానికి నైపుణ్యం ఏం కావాలి? "నేను దీన్ని నేర్చుకోగలనా" అనే భయం ఆ ఆటలో బయటపడదు. మా మామది సరిగ్గా ఆ భయమే. ఫిల్టరు కడగాలి, పైపులు ఎలుకలు కొరికితే అతకాలి, మందు నీళ్లలో కలపాలి. అవన్నీ తనవల్ల కావనుకుంటున్నాడు.

జొన్నకంకి:
ఒక చిన్న ప్రశ్న. మీ మామగారి భూమికి పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది?

పరదేశి:
డల్లాస్ నుంచి రాస్తున్నాను. మా నాన్న మూడెకరాల రైతు. ఊరంతా వద్దన్నా ఎకరం అమ్మి నన్ను ఇంజనీరింగ్ చదివించాడు. ఆయనకు ఆ ధైర్యమే లేకపోతే నేను ఇక్కడ ఉండేవాణ్ణి కాదు. నేను ఎర్రచెలక గారి వైపు.

గోదారిగట్టు:
ఎకరం అమ్మి చదివించినా ఉద్యోగం రానివాళ్లు ఇలాంటి చోట వచ్చి రాయరు కదా అన్నా. మా వీధిలోనే ఇద్దరున్నారు.

మిరపతోట:
గోదారిగట్టు గారు నా మనసులో మాట చెప్పారు.

ఎర్రచెలక గారూ, ఇంకో సంగతి వినండి. తమిళనాడులో 464 మంది చెరకు రైతుల మీద చేసిన పరిశీలన 2013లో వచ్చింది. చెరకు డబ్బు ఏడాదికి ఒక్కసారే చేతికొస్తుంది. అదే రైతుకు కోతకు ముందు, చేతిలో రూపాయి లేనప్పుడు ఒకసారి, కోత తర్వాత డబ్బు వచ్చాక ఇంకోసారి బుర్రకు పనిపెట్టే పరీక్షలు పెట్టారు. మొదటిసారి బాగా తక్కువ చేశారు. మనిషి అదే, చదువు అదే, మారింది చేతిలో డబ్బు ఒక్కటే. అప్పుల టెన్షన్ బుర్రలో సగం చోటు తినేస్తే ఫిల్టరు ఎలా కడగాలో నేర్చుకునే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? మీరు దాన్ని చూసి నమ్మకం లేదు అంటున్నారు. ఆ మనిషికి తీరిక లేదు.

ఎర్రచెలక:
మంచి పరిశీలనే, కాదనను. కానీ దాన్ని బట్టి చూస్తే కోత తర్వాత చేతిలో డబ్బున్న రోజుల్లో పేద రైతు కొత్త పని మొదలుపెట్టాలి కదా. పెట్టడం లేదు. చిట్టీ కట్టి, పెళ్లికి పెట్టి, పాత బాకీ తీర్చి మళ్లీ మొదటికే వస్తాడు. ఒక్కసారి దెబ్బతింటే పదేళ్లు దాన్నే చెప్పుకుంటాం. మా తాత వేరుశనగలో పోగొట్టుకున్నాడు అని మనవడు కూడా వేరుశనగ వేయడు. మనవాళ్లకు ఓడిపోవడం అలవాటైపోయింది అనిపిస్తుంది నాకు. ఎవరో ఒకరు వెళ్లి తట్టి లేపాలి, నీవల్ల అవుతుంది అని చెప్పాలి. చెప్పేవాళ్లు లేకనే ఇలా ఉన్నాం.

మిరపతోట:
ఓడిపోవడం అలవాటైందా? ఆ మాట రాసే ముందు ఒక్క క్షణం ఆగాల్సింది మీరు.

తట్టి లేపారండీ మా తమ్ముణ్ణి. 2021 మే నెలలో. ఒక సంస్థవాళ్లు, పేరు చెప్పను, రెండు రోజుల శిక్షణ పెట్టారు మా మండలంలో. భోజనాలు పెట్టారు, ఫోటోలు తీశారు. మీరు చెప్పిన ఇథియోపియా చిత్రం లాంటిదే ఒకటి గోడ మీద వేసి చూపించారు. మిరప వేసి మేడ కట్టిన రైతు కథ. మా తమ్ముడు అప్పటిదాకా రెండెకరాల్లో పత్తి వేసేవాడు, పెద్దగా మిగిలేది కాదు గానీ తిండికి లోటు లేదు. ఆ ఏడు మిరప రేటు కూడా బాగుంది. నీవల్ల అవుతుంది, ఎన్నాళ్లు ఇలా భయపడతావు, అడుగు ముందుకేస్తేనే కదా అన్నారు. వాడు మూడెకరాలు కౌలుకు తీసుకున్నాడు, ఎకరా 35 వేలు, అంతా ముందే కట్టాలి. విత్తనం, మల్చింగ్ షీటు, కూలీలు, మందులు అన్నీ కలిపి ఎకరాకు లక్షన్నర దాటింది. సగం కమీషన్ దుకాణంలో అప్పు, సగం మా ఆయన తెచ్చిచ్చిన చేబదులు.

దీపావళి తర్వాత నల్ల తామరపురుగు దిగింది. గుంటూరు, ఖమ్మం, మహబూబాబాద్ అంతా ఆ ఏడు అదే గోస, పేపర్లలో చదివే ఉంటారు. నేను వెళ్లినప్పుడు మా తమ్ముడు ఒక పువ్వు కోసి అరచేతిలో దులిపి చూపించాడు. నల్ల నువ్వులు చల్లినట్టు పడ్డాయి, పడి పాకుతున్నాయి. ఒక్క పువ్వులో అన్ని. మూడు రోజులకోసారి మందు కొట్టాడు. కొట్టువాడు మార్చి మార్చి ఇచ్చాడు, ఒక్కటీ పని చేయలేదు. పూత మొత్తం రాలిపోయింది. సంక్రాంతి లోపే ట్రాక్టర్ పెట్టి దున్నించేశాడు, ఆ ట్రాక్టర్ కిరాయి కూడా అప్పే.

తెలంగాణ 2020లోనే ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చేసింది, కాబట్టి బీమా లేదు. రైతుబంధు ఎకరాకు ఐదు వేలు వచ్చింది, పొలం ఆసామికి వచ్చింది, కౌలు రైతుకు కాదు. శిక్షణ ఇచ్చినాయనకు వాడు పదకొండు సార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఇప్పుడు వాడు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్. మీరు కొత్త పంట పేరు ఎత్తితే వాడూ "మనవల్ల కాదు" అనే అంటాడు. అది వాడికి పుట్టుకతో వచ్చిన మాట కాదు, నాలుగున్నర లక్షలు పోసి నేర్చుకున్న మాట.

సీమబావి:
అక్కా, చదువుతుంటే మా ఇల్లే గుర్తొచ్చింది. ఒక్కటి చెబుతాను. రిగ్గు వాడికి నీళ్లు పడినా పడకపోయినా అడుగు లెక్కన డబ్బు ముట్టేది. కొబ్బరికాయ ఆయనకు కూడా అంతే.

లెక్కమనిషి:
కౌలు ఒప్పందం రాసుకున్నారా? రాతపూర్వకంగా ఉంటే కనీసం కొంత అడగవచ్చు.

మిరపతోట:
రాసిస్తానంటే ఎవరిస్తారండీ భూమి? రాసిమ్మని అడిగితే వేరేవాళ్లకు ఇచ్చుకుంటా అంటారు.

ఎర్రచెలక:
రెండు రోజులు ఏం రాయాలో తెలియక ఆగాను. మీ తమ్ముడి విషయంలో జరిగింది తప్పు. ఓడిపోవడం అలవాటైంది అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మీకు చెప్పని సంగతి ఒకటుంది. నేను చేసే ఉద్యోగం అదే. చిన్న రైతులకు శిక్షణ ఇస్తాను, ఏడేళ్లుగా. మీ మండలానికి ఎప్పుడూ రాలేదు, ఆ సంస్థ మాది కాదు, కానీ గోడ మీద చిత్రాలు నేనూ వేస్తాను. నీవల్ల అవుతుంది అని నేనూ చెబుతాను. ఉద్యోగం కోసం చెప్పడం కాదు, నమ్మే చెబుతాను. మీటింగులో వెనక కూర్చొని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న మనిషి మూడో ఏడు లేచి బ్యాంకు మేనేజరుతో వాదించడం నా కళ్లతో చూశాను. ఆమెకు నేను ఇచ్చింది మాటే. అందుకే ఈ విషయంలో నాకు అంత పట్టుదల.

పాలమూరులోనే జరిగిన ఇంకో సంగతి చెబుతాను. 2003లో అక్కడ వాన బీమా మొదలైంది, వాన తక్కువ పడితే లెక్క ప్రకారం డబ్బు వచ్చేది. చాలా తక్కువమంది కొన్నారు. ఎందుకు కొనడం లేదని తర్వాత పరిశోధకులు చూస్తే, బీమా గురించి చెప్పడానికి వచ్చిన మనిషిని ఊరికి ముందే తెలిసిన సంస్థ మనవాడే అని పరిచయం చేసినప్పుడు కొనేవాళ్లు పెరిగారు. ధర అదే, పాలసీ అదే. మాట పని చేస్తుంది అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మిరపతోట:
ఆ పరిశీలనే పూర్తిగా చెప్పండి. అదే ప్రయోగంలో ఇంటికి వెళ్లినప్పుడు చేతిలో కాస్త నగదు పెట్టి అడిగిన చోట కొనేవాళ్లు ఇంకా బాగా పెరిగారు.

అదలా ఉంచండి. మీరు చెప్పినదాంట్లోనే నాకు అసలు సంగతి దొరికింది. ఊరికి తెలిసిన సంస్థ పరిచయం చేస్తే కొన్నారు అంటున్నారు. అప్పుడు రైతుకు పెరిగింది తన మీద నమ్మకమా? కాదు. చెప్పినవాడి మీద నమ్మకం. మా తమ్ముడు కూడా తన మీద నమ్మకంతో మిరప వేయలేదు, మిరప వాడికి తెలియనే తెలియదు. చదువుకున్నవాళ్లు, కారులో వచ్చినవాళ్లు చెబుతున్నారు కదా అని వాళ్లను నమ్మాడు. మీరంతా దానికి ఆత్మవిశ్వాసం అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టడం వల్ల ఏమవుతుందో చూడండి. పంట పండితే మా శిక్షణ వల్ల అంటారు. పోతే రైతు సరిగా చేయలేదు, ఓపిక లేదు, భయపడ్డాడు అంటారు. ధైర్యం మీరు ఇస్తారు, నష్టం వాడు మోస్తాడు. నాకు డబ్బా నమ్మకమా అన్న దాని మీద పెద్ద పట్టింపు లేదు. ధైర్యం చెప్పినవాళ్లు నష్టంలో ఎంత మోస్తారు, అదొక్కటి చెప్పండి నాకు.

ఎర్రచెలక:
నష్టంలో వాటా పెట్టమంటే రేపటి నుంచి ఏ రైతుకూ ఎవరూ ఏమీ చెప్పరు. ఊళ్లోకి వచ్చి మాట్లాడేది మందుల కంపెనీ మనిషి ఒక్కడే మిగులుతాడు.

మిరపతోట:
అయితే చెప్పే పద్ధతైనా మార్చండి. మూడెకరాల కౌలు తీసుకోమని చెప్పే బదులు ఉన్న పత్తి చేనులో ఇరవై గుంటలు పెట్టి చూడమంటే మా తమ్ముడు ఈ రోజు ఊళ్లోనే ఉండేవాడు. వాడికి చూపించిన చిత్రంలో మేడ కట్టిన రైతుకు సొంత పొలం ఉంది, కాలువ నీళ్లు ఉన్నాయి. ఆ ముక్క చిత్రంలో చెప్పలేదు. పోగొట్టుకున్న రైతు చిత్రం ఒక్కటైనా చూపిస్తారా మీరు?

ఎర్రచెలక:
చూపించం. అది నిజమే.

జొన్నకంకి:
మాది జహీరాబాద్ దగ్గర. మా అమ్మ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆడవాళ్ల సంఘంలో పాత మనిషి. చర్చ అంతా చదివాను, ఒక మాట చెప్పాలనిపించింది. పస్తాపూర్, మాచనూరు వైపు మీరెప్పుడైనా వచ్చి చూడండి. సంఘం ఆడవాళ్లు 2008లో సొంతంగా రేడియో పెట్టి నడిపారు. బడికి పోని దళిత ఆడవాళ్లు మైకు ముందు కూర్చొని విత్తనాల గురించి మాట్లాడారు. బయటివాళ్లు వచ్చి చూసి ఎంత ఆత్మవిశ్వాసమో అంటారు. కానీ అది మాటలతో రాలేదు. ముందు విత్తనాల కుండలు ఇంట్లో ఉన్నాయి. లేనివాళ్లు సంఘం నుంచి తెచ్చుకొని, పంటొచ్చాక కొంచెం కలిపి తిరిగి పోస్తారు. ఒకే చేనులో పచ్చజొన్న, కంది, కొర్ర, సామ, పెసర, అనుములు ఇట్ల కలిపి వేస్తారు. వాన ఎగ్గొడితే కొర్ర మిగులుతది, ఆలస్యమైతే కంది మిగులుతది. మా అమ్మ ఒక్క ఏడు కూడా మొత్తం పోగొట్టుకోలేదు. అందుకే ఆమెకు భయం లేదు. ధైర్యం ముందు రాలేదు, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటది అన్న భరోసా ముందు వచ్చింది.

ఇంకోటి. ఇన్ని మాటల్లో నేనడిగిన దానికి జవాబు రాలేదు. మా అమ్మ నలభై ఏళ్లు చేను చేసింది, పాసుపుస్తకం మా నాన్న పేరున ఉంది. బ్యాంకు లోను గురించి ఎవరన్నా అడిగితే అమ్మ కూడా "మనతోని కాదు బిడ్డా" అనేది. నా పేరున భూమి లేదు అని చెప్పుకోవడం కంటే అది చెప్పడం తేలిక. ఎర్రచెలక అన్నా, మీ మామ భూమి ఎవరి పేరున ఉంది?

పరదేశి:
ఈ కోణం నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఎర్రచెలక:
జొన్నకంకి గారూ, మొదటిసారి మీరడిగినప్పుడు మామ పేరునే ఉంటుంది కదా అనుకొని జవాబు ఇవ్వలేదు. నిన్న రాత్రి ఫోన్ చేశాను. ముందు ఆయన చెప్పలేదు, అత్త ఫోన్ తీసుకొని చెప్పింది.

ఆ రెండెకరాల పది గుంటలు 1994లో తెల్లకాగితం మీద కొన్నది. రిజిస్ట్రేషన్ లేదు. పాసుపుస్తకం ఇప్పటికీ అమ్మినాయన పేరునే ఉంది. ఆయన చనిపోయాడు. 2020లో ఇలా తెల్లకాగితం మీద కొన్న భూములకు (సాదాబైనామా అంటారు) ప్రభుత్వం దరఖాస్తులు తీసుకున్నప్పుడు మామ పెట్టుకున్నాడు, అది అలాగే ఉండిపోయింది. అమ్మినాయన కొడుకులు రేట్లు పెరిగినప్పటి నుంచి ఇంకా డబ్బు కావాలంటున్నారు. డ్రిప్పుకు దరఖాస్తు పెడితే పాసుపుస్తకం అడుగుతారు, ఆఫీసరు చేను చూడటానికి వస్తాడు, ఆ కొడుకులకు తెలుస్తుంది, మళ్లీ గొడవ లేస్తుంది. ఉన్నదాన్ని కదిలించకుండా ఉంటే చాలు అనుకున్నాడు. చెల్లెలి కొడుకు, చదువుకున్నవాడు, పండగపూట వచ్చి అడుగుతుంటే ముప్పై ఏళ్లుగా దున్నుతున్న భూమి నాది కాదురా అని ఎలా చెబుతాడు? అందుకే మనతోని కావు అన్నాడు.

మూడు రోజులు ఆయనకు ధైర్యం చెప్పాను నేను. ఫిల్టరు ఎలా కడగాలో ఫోన్‌లో వీడియోలు చూపించాను. ఒక్కసారి కూడా పాసుపుస్తకం సంగతి అడగలేదు. ఏడేళ్ల నా శిక్షణల్లో ఎంతమంది నాతో ఆ మాట అని ఉంటారో, వాళ్లలో ఎంతమందికి నేను చిత్రం చూపించి పంపేశానో అని రాత్రంతా నిద్ర పట్టలేదు.

అయినా మిరపతోట గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. కాగితం సరిగా ఉండి, డబ్బు ఉండి, నీళ్లుండి కదలనివాళ్లు కూడా ఉన్నారు, వాళ్లను నేను చూశాను. కానీ మా మామ వాళ్లలో ఒకడు కాడు.

మిరపతోట:
ఏకీభవించాలని నేను అడగలేదు. అడిగి తెలుసుకొని ఇక్కడ చెప్పారు, అది చాలు నాకు. మామగారి దరఖాస్తు రశీదు ఉందా?

లెక్కమనిషి:
ఇది నాకు తెలిసిన విషయం, రాసుకోండి. 2025లో తెలంగాణలో వచ్చిన భూభారతి అనే భూమి రికార్డుల చట్టంలో సాదాబైనామాకు దారి పెట్టారు. 2014 జూన్ 2 కంటే ముందు కొని ఉండాలి, పన్నెండేళ్లకు తగ్గకుండా సాగులో ఉండాలి, 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 లోపల దరఖాస్తు పెట్టి ఉండాలి. మీ మామగారిది మూడూ సరిపోతాయి అనిపిస్తోంది, దరఖాస్తు తేదీ మాత్రం రశీదు మీద చూసుకోండి. ఆర్డీఓ విచారణ చేస్తారు. తెల్లకాగితం మీద సంతకం పెట్టిన సాక్షులు బతికి ఉన్నారా అన్నది ముఖ్యం. పాత శిస్తు రశీదులు, పహాణీలో, అంటే ఏటా సాగు వివరాలు రాసే రికార్డులో, అనుభవదారు కాలమ్‌లో పేరు ఉంటే ఆ నకళ్లు, అన్నీ తీసి పెట్టుకోండి.

సీమబావి:
లెక్కమనిషి గారూ, ఇది ముందే చెప్పాల్సింది, బోర్లు లెక్కపెట్టే బదులు.

లెక్కమనిషి:
మీ నాన్నగారి విషయంలో నేను అలా అడగాల్సింది కాదు. ఏమనుకోకండి.

ఎర్రచెలక:
రశీదు ఉందట, బియ్యం డబ్బాలో కవరులో చుట్టి పెట్టిందట అత్త. సాక్షులు ఇద్దరూ ఉన్నారు. ఒకాయనకు ఎనభై దాటాయి, కొడుకు దగ్గర షాద్‌నగర్‌లో ఉంటున్నాడు. ఆదివారం మామను తీసుకొని ఆయన దగ్గరికే వెళ్తున్నాను.